వరద లెక్క కట్టిన ప్రోగ్రాము ఎవరిది? శాస్త్ర సాఫ్ట్‌వేరు లైసెన్సులు, సైటేషన్ మీద పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో నదీ వరదలను కంప్యూటరు మీద ఎలా లెక్కగడతారో వివరించిన వ్యాసం అడుగున, అందులో వాడిన సిమ్యులేషన్ సాఫ్ట్‌వేరు పేరును, వెర్షను సంఖ్యను, దాన్ని రాసినవారి పరిశోధనా పత్రాన్ని నాలుగు పంక్తుల్లో అచ్చువేశాం. వ్యాసం మీద కన్నా ఆ నాలుగు పంక్తుల మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. చాలావరకు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు పాఠకులవి. ఒకటి మాత్రం మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ నుంచి వచ్చింది. పేర్లు వెయ్యవద్దని కొందరు కోరినందువల్ల అందరివీ వదిలేసి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాం. ఉత్తరాలను సారం చెడకుండా కుదించాం.

ప్రశ్న: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత వంశధారలో వచ్చిన వరద గుణుపురం నుంచి కాశీనగరం దిశగా ఎలా పాకిందో లెక్కగట్టడానికి మేము ముగ్గురు అధ్యాపకులం నాలుగేళ్లు శ్రమపడి ఒక ప్రోగ్రాము రాశాం. దాన్ని జీపీఎల్ లైసెన్సు (ప్రోగ్రామును ఎవరైనా వాడి, మార్చి, అదే లైసెన్సు కింద పంచుకోనిచ్చే షరతుల పత్రం) కింద అందరికీ ఇవ్వాలని ఉంది. అయితే దాన్ని వాడుకున్నవారు మా పేపరును తమ రచనలో పేర్కొని (సైట్ చేసి) తీరాలని మా కోరిక. ‘ఈ ప్రోగ్రాముతో వచ్చిన ఫలితాలను ప్రచురించేవారు మా పత్రాన్ని తప్పనిసరిగా సైట్ చేయాలి’ అన్న వాక్యాన్ని లైసెన్సు ఫైలు చివర చేర్చవచ్చునా? – బరంపురం

జవాబు: చేర్చకండి, చేర్చినా నిలవదు. 1991లో వచ్చిన జీపీఎల్ రెండో వెర్షను, ప్రోగ్రామును అందుకున్నవారి హక్కుల మీద ఇంకే ఆంక్షలూ పెట్టరాదని తన ఆరో సెక్షనులో చెబుతుంది. 2007 నాటి మూడో వెర్షను కాస్త సడలించి, ఏడో సెక్షనులో కొన్ని అదనపు షరతులకు చోటిచ్చింది. కోడులో ఉన్న కర్తల పేర్లను చెరపకుండా ఉంచాలని కోరడం వాటిలో ఒకటి. మీరు కోరుతున్నది దానికన్నా చాలా దూరం వెళుతుంది. మీ ప్రోగ్రామును ఎవరో నడుపుకొని, వచ్చిన అంకెలతో తమ సొంత మాటల్లో రాసుకున్న పేపరులో ఏముండాలో మీరు శాసించాలనుకుంటున్నారు. జీపీఎల్‌ను వెలువరించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన ప్రశ్నోత్తరాలలో సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకొని, పరిశోధనా పత్రాల్లో సైటేషన్ తప్పనిసరి అన్న షరతును జీపీఎల్‌కు జోడించడానికి వీల్లేదని జవాబిచ్చింది. మూడో వెర్షను ప్రకారమైతే అలాంటి వాక్యం కనబడినప్పుడు దాన్ని తీసివేసే హక్కు ప్రోగ్రాము అందుకున్నవారికే ఉంటుంది.

దీనికి మూలం కాపీరైటు స్వభావంలో ఉంది. కోడును నకలు తియ్యడం, మార్చడం, ఇతరులకు పంచడం అన్నవి కాపీరైటు పరిధిలోకి వస్తాయి. ప్రోగ్రాము నడిచినప్పుడు వెలువడే నీటి మట్టాల పట్టికలు సాధారణంగా ఆ పరిధిలోకి రావు. వడ్లు మర పట్టించుకొని వెళ్లినవారి ఇంట్లో వండిన అన్నం మీద మిల్లు యజమానికి హక్కు ఉండదు గదా, ఇదీ అంతే. ప్రోగ్రాము ఇచ్చే ఫలితంలో ఆ ప్రోగ్రాము కోడే ఒక భాగంగా వచ్చి చేరితే తప్ప ఆ ఫలితానికి జీపీఎల్ వర్తించదని లైసెన్సులోనే ఉంది.

‘కాపీరైటు మాదే అయినప్పుడు లైసెన్సు కూడా మేమే రాసుకుంటాం’ అని మీరు అనవచ్చు. రాసుకోవచ్చు, కానీ అప్పుడది జీపీఎల్ కాదు, ఆ పేరు దానికి పెట్టకూడదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నామ్‌డీ అనే అణుగతిశాస్త్ర సాఫ్ట్‌వేరు ఈ దారినే నడిచింది: కోడు చూడనిస్తారు, వ్యాపారేతర పనులకు ఉచితంగా ఇస్తారు, దానితో సాధించిన ఫలితాలు ప్రచురిస్తే తగిన పత్రాన్ని సైట్ చేయాలని లైసెన్సులోనే ఒప్పించుకుంటారు. ఆ సాఫ్ట్‌వేరు గొప్పదే, వాడుకరులూ లెక్కకు మిక్కిలి. అయినా 1998లో ఏర్పడిన ఓపెన్‌సోర్స్ ఇనీషియేటివ్ నిర్వచనం ప్రకారం అది ఓపెన్‌సోర్స్ (కోడును ఎవరైనా, ఏ పనికైనా వాడుకొని, మార్చుకొని, పంచుకోనిచ్చేది) కాదు. అంత పేరున్న బృందానికి చెల్లింది మీ ముగ్గురికీ చెల్లుతుందని నేను అనుకోను. కొత్త షరతులున్న కొత్త లైసెన్సును చూడగానే పెద్ద సంస్థల న్యాయ విభాగాలు ‘వద్దు’ అనేస్తాయి. పైగా మీ ప్రోగ్రాము లోపల జీఎస్‌ఎల్, ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే గణిత లైబ్రరీలలో (సిద్ధంగా దొరికే కోడు సంపుటాలలో) దేన్నైనా కలుపుకొని ఉంటే, అవి రెండూ జీపీఎల్ కింద ఉన్నవి కనుక, వాటితో కలిపి పంచే ప్రోగ్రాముకు సొంత షరతులు పెట్టుకునే స్వేచ్ఛ మీకు మొదటినుంచీ లేదు. ఒకసారి మీ కోడులో ఏమేం కలిశాయో చూసుకోండి. నాలుగేళ్ల పనిలో ఎవరు ఎక్కడ ఏది తెచ్చి కలిపారో గుర్తుండదు.

పేరు చెప్పించుకోవాలన్న పట్టుదల లైసెన్సులోకి ఎక్కితే ఏమవుతుందో చెప్పే పాత ఉదంతం ఒకటుంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బీఎస్‌డీ లైసెన్సులో మొదట, ఆ సాఫ్ట్‌వేరు గుణాలను చెప్పే ప్రతి ప్రకటనలోనూ విశ్వవిద్యాలయం పేరు చెప్పాలన్న షరతు ఉండేది. చూడడానికి చిన్న కోరికే. దాన్ని చూసి ఇతరులు కూడా బర్క్‌లీ పేరున్న చోట తమ తమ పేర్లు పెట్టుకొని అదే వాక్యాన్ని తమ కోడుకు తగిలించారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో అలాంటి వాక్యాలు 75 ఉన్నట్టు, జీపీఎల్ రాసిన రిచర్డ్ స్టాల్‌మన్ లెక్కపెట్టారు. ఒక్క ప్రకటన వెయ్యాలంటే 75 కృతజ్ఞతలు! చివరికి 1999 జూలైలో విశ్వవిద్యాలయమే ఆ షరతును రద్దుచేసింది. సిమ్యులేషన్ లోకంలో ఒక పేపరు వెనుక పది పదిహేను ప్రోగ్రాములు, లైబ్రరీలు పనిచేస్తాయి. అన్నీ ‘సైట్ చేసి తీరాలి’ అని పట్టుబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంతా చెప్పి, మీ కోరిక తప్పని అనడం లేదు. నాలుగేళ్ల శ్రమకు గుర్తింపు అడగడం న్యాయమే. దాన్ని అడగవలసిన చోటు లైసెన్సు కాదని మాత్రమే అంటున్నాను. లైసెన్సుకు బలం చట్టం వల్ల వస్తుంది, సైటేషన్‌కు బలం పరిశోధకుల మర్యాద వల్లా, పత్రికల నియమాల వల్లా వస్తుంది. మీరు చెయ్యదగిన పనులు ఉన్నాయి. కోడుతో పాటు ఇచ్చే పరిచయ పత్రమైన రీడ్‌మీ ఫైలులో, లైసెన్సుకు సంబంధం లేకుండా, ‘మా ప్రోగ్రాము మీకు ఉపయోగపడితే ఈ పత్రాన్ని సైట్ చేయవలసిందిగా కోరుతున్నాం’ అని వినతిగా రాయండి. కోడుతో పాటు ‘సైటేషన్ డాట్ సీఎఫ్‌ఎఫ్’ అనే చిన్న ఫైలు పెట్టండి; కర్తల పేర్లు, ప్రోగ్రాము పేరు, వెర్షను, తేదీ, డీఓఐ (పత్రానికో కోడుకో ఇచ్చే మారని గుర్తింపు) సంఖ్య అందులో మనిషికీ యంత్రానికీ అర్థమయ్యే పద్ధతిలో ఉంటాయి. కోడును దాచి పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ 2021 నుంచి ఆ ఫైలును గుర్తుపట్టి, కోడు పేజీ పక్కనే సైటేషన్‌ను సిద్ధంగా చూపిస్తున్నది. వాడుకున్నవాడు చెయ్యవలసిందల్లా దాన్ని నకలు తీసుకోవడమే.

అన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం ఇంకొకటి. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రోమాక్స్ అనే అణుగతిశాస్త్ర సాఫ్ట్‌వేరు, తాను నడిచిన ప్రతిసారీ ఆ లెక్కలో ఏ ఏ పద్ధతులు వాడబడ్డాయో చూసుకొని, ఆయా పద్ధతుల పత్రాల పేర్లను ‘చదివి సైట్ చేయగలరు’ అన్న వినతితో లాగ్ ఫైలులో రాసిపెడుతుంది. ఇది షరతు కాదు, లైసెన్సుతో ముడిపడలేదు, తీసేసినా అడిగేవారు లేరు. అయినా పేపరు రాసేటప్పుడు లాగ్ ఫైలు తెరిచినవారి కంటికి ఆ పేర్లు ఆనక తప్పదు. మీ ప్రోగ్రాము చివర అలాంటి నాలుగు పంక్తులు అచ్చువేయించడానికి అరగంట పని. నేను చూసినంతలో సైట్ చెయ్యనివారిలో ఎక్కువమంది దొంగబుద్ధి గలవారు కారు, ఏ పత్రాన్ని ఎలా పేర్కొనాలో వెతుక్కునే ఓపిక లేనివారు. కనుక ఆ వెతుకులాట తగ్గించడం మీద శ్రద్ధ పెట్టండి.

ప్రోగ్రాము గురించి విడిగా పత్రం లేకపోతే, 2016లో మొదలైన ‘జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్’ను చూడండి. కోడునే సమీక్షకులు పరీక్షించి, ఒక చిన్న పత్రాన్ని ప్రచురిస్తారు, రుసుము లేదు. అయితే ఓపెన్‌సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించిన లైసెన్సు ఉండడం అక్కడ తప్పనిసరి. మీరు చేర్చాలనుకున్న వాక్యంతో ఆ తలుపు కూడా మూసుకుపోయేది.

ప్రశ్న: ద్రవ అల్యూమినియం స్నిగ్ధత మీద పనిచేస్తున్న పరిశోధక విద్యార్థినిని. లామ్ప్స్ అనే అణుగతిశాస్త్ర సాఫ్ట్‌వేరులో అణువుల మధ్య బలాలను లెక్కించే ఒక భాగాన్ని మా అవసరానికి మార్చుకున్నాను. లామ్ప్స్ జీపీఎల్ కింద ఉన్నది కాబట్టి థీసిస్ సమర్పించేనాటికి నా మార్పులన్నీ బయటపెట్టాల్సిందేనని మా గైడ్ మాస్టారు అంటున్నారు. ఇంకా రెండు పేపర్లు రాయవలసి ఉంది. ఇప్పుడే బయటపెట్టక తప్పదా? – దామన్‌జోడి, కొరాపుట్ జిల్లా

జవాబు: తప్పదని లైసెన్సు చెప్పడం లేదు. మీ మాస్టారిది చాలామందికి ఉన్న అపోహే. అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలో రూపొందిన లామ్ప్స్ జీపీఎల్ రెండో వెర్షను కింద వెలువడుతున్నది. మార్చిన ప్రోగ్రామును మీరు ఇతరులకు ఇచ్చినప్పుడు మాత్రమే ఆ లైసెన్సు బాధ్యతలు మొదలవుతాయి. మీ కంప్యూటరు మీద మీరు ఎంత మార్చుకొని ఎన్నేళ్లు నడుపుకొన్నా, ఆ ఫలితాలతో ఎన్ని పేపర్లు ప్రచురించినా, కోడు ఎవరికీ చూపనవసరం లేదు. వేరే ఊళ్లో ఉన్న స్నేహితురాలికి మార్చిన ప్రోగ్రాము పంపారనుకోండి, అది పంపిణీ అవుతుంది. అప్పుడు ఆమెకు సోర్స్ కోడు (మనిషి చదివి మార్చగలిగే మూల రూపం) అందుబాటులో ఉంచాలి, దాన్ని జీపీఎల్ కిందే ఇవ్వాలి, మార్చిన ఫైళ్లలో ఎప్పుడు మార్చారో రాయాలి, ఆమె దాన్ని మరెవరికైనా ఇచ్చుకుంటే అడ్డు చెప్పకూడదు. పరీక్షకుడు కోడు అడిగితే ఇచ్చే కాపీకి కూడా ఇదే వర్తిస్తుంది. అంతేగాని, ఒకరికి ఇచ్చినంతమాత్రాన లోకానికంతటికీ ఇవ్వవలసిన బాధ్యత పుట్టదు.

ఇది చట్టం మాట. శాస్త్రం మాట వేరు. మీ మార్పు వల్లనే స్నిగ్ధత విలువ మారిందంటే, ఆ మార్పు ఏమిటో చూడకుండా మీ ఫలితాన్ని ఎవరూ సరిచూడలేరు. లైసెన్సు అడగకపోయినా పత్రిక అడగవచ్చు, నిధులిచ్చిన సంస్థ అడగవచ్చు. నా సలహా ఏమిటంటే, రెండో పేపరు వెలువడే రోజున కోడును కూడా బయటపెట్టండి; అప్పటిదాకా మీ దగ్గరే ఉంచుకోవడంలో లైసెన్సు ఉల్లంఘన ఏమీ లేదని మాస్టారికి ఈ పేజీ చూపించండి. నచ్చజెప్పడం మీ వంతు.

సైటేషన్ విషయంలో మీరు అడగని ఒక సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. లామ్ప్స్‌కు 1995లో వచ్చిన స్టీవ్ ప్లింప్టన్ పత్రాన్ని చాలామంది అలవాటుగా పేర్కొని ఊరుకుంటారు. అది సమాంతర గణన పద్ధతుల మీద రాసిన పత్రం. ఇప్పటి లామ్ప్స్‌ను వర్ణించే పత్రం 2022లో వచ్చింది. వీటితో పాటు మీరు వాడిన వెర్షనును రాయాలి. లామ్ప్స్ వెర్షన్లకు తేదీలే పేర్లు, ఉదాహరణకు 2024 ఆగస్టు 29 నాటిది ఒక స్థిరమైన వెర్షను. ఇక అల్యూమినియం అణువుల మధ్య బలాలను వర్ణించే పొటెన్షియల్ ఫైలు మీరు రాసింది కాదు గదా! మీది ఈఏఎం (ఎంబెడెడ్ ఆటమ్ మెథడ్) తరహా పొటెన్షియల్ అయితే, ఆ పద్ధతిని 1980లలో ప్రతిపాదించిన ముర్రే డా, మైకేల్ బాస్కెస్‌ల పత్రం ఒకటి, మీరు వాడిన ప్రత్యేకమైన ఫైలు తయారుచేసినవారి పత్రం ఇంకొకటి. అల్యూమినియానికే ఎన్నో పొటెన్షియళ్లు ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో విలువ ఇస్తుంది. ఏది వాడారో చెప్పకపోతే మీ స్నిగ్ధత అంకె ఎవరికీ పనికిరాదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ నిర్వహించే పొటెన్షియళ్ల భాండాగారంలో ప్రతి ఫైలు పక్కనా ఏ పత్రాన్ని సైట్ చేయాలో రాసి ఉంటుంది. లామ్ప్స్ కూడా మీ లెక్కలో వాడిన ప్రత్యేక భాగాల పత్రాలను లాగ్ ఫైలులో గుర్తుచేస్తుంది. ఆ పంక్తులను దాటుకుంటూ పోకండి.

ప్రశ్న: నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నదీ ప్రవాహాన్ని లెక్కగట్టే హెచ్‌ఈసీ–రాస్ సాఫ్ట్‌వేరును పైసా ఇవ్వకుండా దించుకొని నాగావళి మీద లెక్కలు వేశాను. ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అది ఓపెన్‌సోర్సే కదా? – రాయగడ

జవాబు: కాదండీ. ఉచితం వేరు, ఓపెన్‌సోర్స్ వేరు. హెచ్‌ఈసీ–రాస్‌ను అమెరికా సైన్యపు ఇంజనీర్ల దళం తయారుచేసి ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి ఇస్తున్నది, కానీ దాని సోర్స్ కోడును ఓపెన్‌సోర్స్ లైసెన్సు కింద ఇవ్వలేదు. పట్టణాల మురుగునీటి కాలువల లెక్కకు వాడే ఎస్‌డబ్ల్యూఎంఎం కూడా అమెరికా ప్రభుత్వ సంస్థదే, అయితే దాని కోడు పబ్లిక్ డొమైన్‌లో ఉంది, అంటే దాని మీద ఎవరికీ కాపీరైటు లేదు. మన తుపానుల సిమ్యులేషన్‌కు పరిశోధకులు విరివిగా వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ వాతావరణ నమూనా కూడా పబ్లిక్ డొమైన్‌లోదే. అమెరికా చట్టం ప్రకారం వారి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు ఉద్యోగధర్మంగా రాసినదానికి ఆ దేశంలో కాపీరైటు ఉండదు. మన దేశంలో అలా కాదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం కింద ప్రభుత్వ రచనకు ప్రభుత్వమే తొలి సొంతదారు, 60 ఏళ్ల పాటు కాపీరైటు ఉంటుంది. మీ శాఖలో మీరు రాసిన పాత ప్రోగ్రాములు ఉంటే వాటిని ఎవరికైనా ఇచ్చేముందు ఇది గుర్తుంచుకోండి.

పబ్లిక్ డొమైన్‌లో ఉన్నదాన్ని సైట్ చేయనక్కరలేదని మీ ఉత్తరం చివర అన్నారు. అడిగే చట్టం లేదన్నది నిజం. కాళిదాసు శ్లోకానికి కూడా కాపీరైటు లేదు. అయినా ఎవరూ దాన్ని తమదిగా రాసుకోరు.

ప్రశ్న: ఎంఫిల్ చేసేటప్పుడు నేల పొరల్లో నీటి కదలికకు ఒక ప్రోగ్రాము రాసి, బీఎస్‌డీ లైసెన్సు పెట్టి, ప్రతి ఫైలు పైన నా పేరు రాశాను. నేను వచ్చేశాక అక్కడ చేరిన ఒకాయన నా పేరు తీసేసి తన పేరు పెట్టుకొని పేపరు ప్రచురించారు. అడిగితే ‘కోడు సంస్థది, నీది కాదు’ అన్నారు. నాకు ఏ హక్కూ లేదా? – జయపురం

జవాబు: ఉంది, అది సంస్థ సొంతదారు అవునా కాదా అన్నదాని మీద ఆధారపడదు. ఆ పెద్దమనిషి రెండు వేర్వేరు ప్రశ్నలను కలిపేశారు.

మొదటిది కాపీరైటు ఎవరిదన్న ప్రశ్న. మన చట్టంలో కంప్యూటరు ప్రోగ్రాము సాహిత్య రచన కిందికే వస్తుంది. రాసినవారే తొలి సొంతదారు అన్నది 17వ సెక్షను చెప్పే సాధారణ సూత్రం. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని సొంతదారు అవుతాడు. విద్యార్థి మామూలుగా ఉద్యోగి కాడు. కానీ ప్రవేశం నాడు, ఫెలోషిప్పు నాడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో హక్కులు సంస్థకు ఇస్తున్నట్టు రాసి ఉండవచ్చు. వాటిని వెతికి చదవండి.

రెండోది కర్తృత్వం. 57వ సెక్షను ప్రకారం, కాపీరైటును పూర్తిగా ఇచ్చివేసిన తరువాత కూడా ‘ఇది రాసింది నేను’ అని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. కనుక కోడు సంస్థదే అయినా మీరు రాశారన్న నిజాన్ని సంస్థ కొనుక్కోలేదు. ఇక బీఎస్‌డీ లైసెన్సు చాలా ఉదారమైనదే అయినా, మొదటి కాపీరైటు ప్రకటనను, షరతుల జాబితాను, హామీ లేదన్న మాటను అలాగే ఉంచాలని మాత్రం కోరుతుంది. కింద తన పేరు చేర్చుకోవడానికి ఆయనకు పూర్తి స్వేచ్ఛ ఉంది, మార్పులు చేసి ఉంటే చేర్చుకోవడం సబబు కూడా. పైనున్న పేరును కొట్టెయ్యడానికి లేదు.

కోర్టు దాకా పోవాలని నేను చెప్పను. పాత ఫైళ్లు, మీరు వాటిని ఎవరికైనా పంపిన ఈమెయిళ్లు, గిట్‌లో పెట్టి ఉంటే మార్పుల చరిత్ర, ఎంఫిల్ అనుబంధంలో అచ్చయిన కోడు, ఇవన్నీ ముందు ఒకచోట చేర్చండి. తరువాత ఆ ఒకాయనకు, కాపీ విభాగాధిపతికి, మర్యాదగా ఒక ఉత్తరం రాయండి: ఫైళ్లలో పేరు తిరిగి పెట్టమని, ప్రచురితమైన పేపరుకు సవరణ పంపమని. స్పందన లేకపోతే పత్రిక సంపాదకుడికి రాయండి. కర్తృత్వ వివాదాలను విచారించే పద్ధతి పేరున్న పత్రికలకు ఉంటుంది, సవరణ ప్రచురించడం వారికి కొత్త కాదు. ఒక జాగ్రత్త చెప్పాలి. మీ కోడును వాడి, పేరు ఉంచి, పేపరులో మాత్రం సైట్ చెయ్యకపోయి ఉంటే అది లైసెన్సు ఉల్లంఘన అయ్యేది కాదు. మర్యాద తప్పడం అయ్యేది. మీ ఫిర్యాదులో ఈ రెండింటినీ విడివిడిగా రాస్తే బలంగా ఉంటుంది.

ప్రశ్న: పేపరులో కోడు ఉన్న వెబ్ చిరునామా ఇస్తే సరిపోదా? ఈ డీఓఐ గొడవ ఎందుకు? – ఛత్రపురం

జవాబు: చిరునామాలు చచ్చిపోతాయి. గూగుల్ కోడ్ అనే సేవ 2016 జనవరిలో మూతబడింది. అప్పటివరకు అచ్చయిన పేపర్లలో ఆ చిరునామాలు ఎన్నో ఉన్నాయి. యూరప్‌లోని కణభౌతిక పరిశోధనా సంస్థ సెర్న్ 2013లో ప్రారంభించిన జెనోడో అనే భాండాగారంలో మీ కోడును దాచుకుంటే, రుసుము లేకుండా డీఓఐ ఇస్తారు. ప్రతి వెర్షనుకూ ఒక డీఓఐ, అన్ని వెర్షన్లకూ కలిపి ఇంకొక డీఓఐ వస్తాయి. పేపరులో మాత్రం మీరు నిజంగా వాడిన వెర్షనుదే ఇవ్వండి. ఇతరుల కోడుకు డీఓఐ లేకపోతే, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్‌రియా సంస్థ 2016లో వెల్లడించిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ భాండాగారంలో దాని కాపీ ఉందేమో చూడండి. అక్కడ ప్రతి ఫైలుకూ మారని గుర్తింపు సంఖ్య ఉంటుంది. అదే సంవత్సరం ఫోర్స్11 బృందం ప్రకటించిన సాఫ్ట్‌వేరు సైటేషన్ సూత్రాలు కూడా ఏ వెర్షను వాడారో కచ్చితంగా చెప్పాలంటాయి.

ఇది నేను స్వయంగా చేతులు కాల్చుకొని నేర్చుకున్న పాఠం. ఒకప్పుడు ఉష్ణప్రసారం మీద రాసిన పత్రంలో ‘సొంత ప్రోగ్రాముతో లెక్కించాం’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఆరేళ్ల తరువాత ఒకరు అడిగితే, నా దగ్గర ఆ ప్రోగ్రాముకు నాలుగు కాపీలు దొరికాయి, నాలుగూ వేర్వేరు అంకెలు ఇచ్చాయి. అచ్చయిన అంకె వాటిలో ఒక్కదానిదీ కాదు.

ప్రశ్న: మా కళాశాలలో నెట్ సరిగా అందదు. ఒక వర్క్‌షాపులో ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన సిమ్యులేషన్ కోడుతో పిల్లలకు పాఠం చెబుతున్నాను. అందులో లైసెన్సు ఫైలే లేదు. లైసెన్సు లేదంటే ఎవరైనా వాడుకోవచ్చనే అర్థమా? – సిరొంచ

జవాబు: అర్థం సరిగ్గా దానికి తలకిందులు. కాపీరైటు రావడానికి రిజిస్ట్రేషను అక్కరలేదు, రాసిన క్షణం నుంచే ఉంటుంది. లైసెన్సు లేదంటే హక్కులన్నీ రాసినవారి దగ్గరే ఉన్నాయని. దాన్ని మార్చి ఇతర కళాశాలలకు పంచే ఆలోచన ఉంటే, ముందు రాసినవారిని వెతకండి. ఫైళ్లలో పేరో ఈమెయిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. ‘దీనికి ఏదైనా ఓపెన్‌సోర్స్ లైసెన్సు పెట్టగలరా’ అని రెండు వాక్యాల ఉత్తరం చాలు. చాలామంది మరచిపోయి పెట్టరు, అడిగితే సంతోషంగా పెడతారు. జవాబు రాకపోతే, క్వాంటమ్ ఎస్ప్రెస్సో, లామ్ప్స్, ఓపెన్‌ఫోమ్ వంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు జీపీఎల్ కింద ఉన్నాయి. నెట్ అందే ఊరికి వెళ్లినప్పుడు ఒకసారి దించుకొని, పెన్‌డ్రైవులో సోర్స్ కోడుతో సహా ఎంతమందికైనా పంచవచ్చు. లైసెన్సు ఫైలును కూడా మరవకుండా అందులోకి ఎక్కించండి.

ప్రశ్న: మా విద్యార్థుల్లో సగం మంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినవారు. జీపీఎల్ లైసెన్సును, ఒక సిమ్యులేషన్ మాన్యువల్‌ను తెలుగులోకి, ఒడియాలోకి అనువదించాలనుకుంటున్నాం. అనుమతి కావాలా? – పర్లాకిమిడి

జవాబు: సవరలకు వారి భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పాటుపడిన ఊరు నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషం కలిగించింది. అనువదించే హక్కు మన చట్టం ప్రకారం కాపీరైటు సొంతదారుదే, కాబట్టి మాన్యువల్ మొదటి పేజీల్లో దాని లైసెన్సు ఏమిటో చూడండి. ప్రోగ్రాముది ఒక లైసెన్సు, మాన్యువల్‌ది ఇంకొకటి కావచ్చు. రచనలను పంచుకోవడానికి వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉండి, అందులో ‘ఎన్‌డీ’ (మార్చినదాన్ని పంచరాదు) అన్న అక్షరాలు ఉంటే అనువాదం పంచడానికి విడిగా అనుమతి కావాలి. ‘బీవై’ లేదా ‘బీవై–ఎస్‌ఏ’ మాత్రమే ఉంటే అక్కరలేదు, మూలకర్తల పేరు, లైసెన్సు చెప్పి, ఇది అనువాదమని రాస్తే చాలు; ‘ఎస్‌ఏ’ ఉంటే మాత్రం అనువాదాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

జీపీఎల్ సంగతి కొంచెం వేరు. దాని అనువాదాలను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అనధికారికంగా మాత్రమే అనుమతిస్తుంది. ఒక్క మాట తప్పుగా అనువాదమైనా చట్టపరమైన చిక్కులు వస్తాయన్నది వారి భయం. అందువల్ల ఇది ఫౌండేషన్ ప్రచురించినది కాదని, చట్టబద్ధంగా చెల్లేది ఇంగ్లీషు మూలమొక్కటేనని చెప్పే ప్రకటనను, వారు సూచించిన మాటల్లో, ఇంగ్లీషులోనూ మీ భాషలోనూ ముందు పెట్టాలి. మీ ప్రోగ్రాముతో పాటు ఉంచే లైసెన్సు ఫైలులో ఇంగ్లీషు పాఠమే ఉండాలి. తెలుగు, ఒడియా అనువాదాలను పక్కన వేరే ఫైళ్లుగా పెట్టండి. తెలుగు అనువాదం సిద్ధమైతే ఒక ప్రతి మాకూ పంపండి.